ఈజిప్టు బొమ్మల లిపిలో మన పేరు రాసుకోవడం: ఇంగ్లీషు అక్షరాలను పక్కన పెట్టి

హనుమకొండలో ఒక బడి పిల్లలు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసి వచ్చి, ఆ ఏటి ప్రదర్శనలో అందరి పేర్లనూ ఈజిప్టు లిపిలో రాసి పెట్టాలని ముచ్చటపడ్డారు. రాసిపెట్టే పని నా మీద పడింది. ఇంటర్నెట్టులో దొరికిన ఒక పట్టికను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏ అంటే రాబందు, బి అంటే కాలు, సి అంటే గంప అంటూ 26 ఇంగ్లీషు అక్షరాలకూ ఒక్కో బొమ్మ చూపించే పట్టిక అది. రెండు రోజులు కూర్చుని నలభై పేర్లు రాశాను. రాసిన వాటిలో సగానికి పైగా తప్పులేనని ఆ తర్వాత నెమ్మదిగా తెలిసివచ్చింది. ఆ పట్టికను నమ్మి నాలాగే ఎవరూ అట్టముక్కలు పాడుచేసుకోకుండా, తెలుగు పేర్లను ఆ లిపిలో ఎలా రాసుకోవచ్చో ఇక్కడ వివరంగా చెబుతాను.

తప్పు ఎక్కడ జరుగుతుందో గీత అన్న పేరుతో చూడవచ్చు. ఇంగ్లీషులో దీన్ని జి, ఇ, ఇ, టి, హెచ్, ఏ అని రాస్తాం. పట్టిక ప్రకారం బొమ్మలు వేసుకుంటూ పోతే కుదురు, రెల్లాకు, రెల్లాకు, రొట్టె, ప్రాంగణం, రాబందు వరుసగా వస్తాయి. రెండు రెల్లాకులు పక్కపక్కన పడితే అది నిజంగానే య, ఈ ధ్వనులకు గుర్తు కాబట్టి అక్కడ అదృష్టం కలిసి వచ్చింది. చిక్కంతా ప్రాంగణం బొమ్మతోనే. అది 'హ' ధ్వనికి గుర్తు. ఇంగ్లీషులో 'త'కూ 'ట'కూ తేడా చూపించడానికి మనం టి పక్కన హెచ్ చేరుస్తాం. అది మన సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటు మాత్రమే, గీతలో 'హ' అన్న ధ్వని ఎక్కడా లేదు. ఈజిప్టు లేఖకుడు ఆ ఆరు బొమ్మలనూ చూస్తే 'గీత్‌హ' లాంటిదేదో చదువుతాడు. ప్రవీణ్ సంగతి ఇంకా అన్యాయం. వి అక్షరానికి పట్టిక కొమ్ముల పామును చూపిస్తుంది, ఆ పాము పలికేది 'ఫ'. చంద్రకు సి, హెచ్ అని గంప, ప్రాంగణం వేస్తే 'క్‌హంద్ర' అవుతుంది. పేరు తెలుగు, లిపి ఈజిప్టుది. మధ్యలో ఇంగ్లీషు స్పెల్లింగుకు పెత్తనం ఇచ్చినందువల్లనే ఈ గందరగోళమంతా పుట్టింది.

అందుకని మొదటి మెట్టు, పేరును ఇంగ్లీషులో కాకుండా తెలుగులో రాసుకుని పైకి పలకడం. తెలుగు రాత పలుకుబడిని దాదాపు ఉన్నదున్నట్టు చూపుతుంది కాబట్టి ఈ పనిలో మనకు ఇంగ్లీషు వాళ్ల కంటే వెసులుబాటు ఎక్కువ. ఇంగ్లీషులో సి అనే ఒకే అక్షరం ఒక మాటలో 'క'గానూ మరో మాటలో 'స'గానూ పలుకుతుంది. తెలుగులో అలాంటి సందేహానికి తావు తక్కువ.

బొమ్మల దగ్గరికి వెళ్లే ముందు ఒక భ్రమను వదిలించుకోవాలి. చేర్యాల నకాశీ పటంలో బొమ్మలు వరుసగా కథ చెబుతాయి. అక్కడ గుర్రం బొమ్మ గుర్రమే, రాజు బొమ్మ రాజే. ఈజిప్టు లిపి కూడా అలాంటి బొమ్మల కథే అని చాలామంది అనుకుంటారు, ఐరోపా పండితులూ శతాబ్దాల తరబడి అలాగే అనుకున్నారు. 1799లో రోసెట్టా దగ్గర దొరికిన రాతి మీద క్రీ.పూ. 196 నాటి ఒకే శాసనం మూడు లిపుల్లో ఉండడం వల్ల ఆ భ్రమ వీడడానికి దారి పడింది, 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియోన్ ఆ బొమ్మల్లో చాలావరకు ధ్వనులేనని నిరూపించాడు. గుడ్లగూబ బొమ్మ కనిపించినంత మాత్రాన అక్కడ గుడ్లగూబ గురించి రాశారని కాదు, 'మ' అన్న ధ్వని ఉందని అర్థం. సాధారణంగా వాడిన గుర్తులు సుమారు 700 ఉన్నా, వాటిలో ఒక్కొక్క హల్లును మాత్రమే పలికేవి పాతిక లోపే. పేర్లు రాయడానికి మనకు ముఖ్యంగా కావలసినవి అవే.

వాటిని తెలుగు ధ్వనుల వరుసలో చెబుతాను. గార్డినర్ అనే ఆంగ్ల పండితుడు గుర్తులన్నింటికీ ఇచ్చిన సంఖ్యలను ఇప్పటికీ అందరూ వాడుతున్నారు కాబట్టి పక్కనే వాటినీ ఇస్తాను. కంప్యూటర్లో వెతికేటప్పుడు అవి పనికి వస్తాయి. 'ప'కు పీట (క్యూ 3), 'బ'కు పాదంతో సహా కాలు (డి 58), 'మ'కు గుడ్లగూబ (జి 17), 'న'కు నీటి అల (ఎన్ 35), 'ర'కు నోరు (డి 21). 'త'కు రొట్టె (ఎక్స్ 1), 'ద'కు చెయ్యి (డి 46), 'క'కు పిడి ఉన్న గంప (వి 31), 'గ'కు కుండ కింద పెట్టే కుదురు (డబ్ల్యూ 11), 'స'కు మడత పెట్టిన బట్ట (ఎస్ 29), 'శ', 'ష' రెండింటికీ నీళ్ల కుంట (ఎన్ 37), 'హ'కు ప్రాంగణం (ఓ 4). 'చ'కు దగ్గరగా ఉన్నది పశువులను కట్టే పలుపు (వి 13), 'జ'కు దగ్గరగా ఉన్నది తాచుపాము (ఐ 10). 'వ'కు కౌజుపిట్ట పిల్ల (జి 43), 'య'కు జంట రెల్లాకులు. పాత ఈజిప్టు రాతలో 'ల'కు విడిగా హల్లు గుర్తు లేదు; గ్రీకు రాజుల కాలంలో విదేశీ పేర్లు రాయవలసి వచ్చినప్పుడు పడుకున్న సింహాన్ని (ఇ 23) వాడారు, మనమూ అదే వాడాలి.

పీటకు 'ప', నీటికి 'న' అన్నవి తెలుగువాడికి కోరి పెట్టినట్టు కుదిరాయి. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ముందుగా గుర్తుపెట్టుకున్నవీ ఆ రెండే.

ఒత్తు అక్షరాల విషయంలో పెద్దగా ఆలోచించవలసిన పని లేదు. భాస్కర్‌లో 'భ'కు కాలు చాలు, ఘనకు కుదురు చాలు. పక్కన 'హ' చేర్చకూడదు. ట, డ, ణ, ళ లకు కూడా ప్రత్యేక గుర్తులు లేవు కనుక త, ద, న, ల గుర్తులతోనే సర్దుకోవాలి. అయితే మనకు లేని ధ్వనులు కొన్ని వాళ్లకు ఉన్నాయి. గొంతులో గరగరమనేటట్టు ఉర్దూవాళ్లు ఖాన్ అన్నప్పుడు పలికే ఖకారానికి గీతలు గీసిన గుండ్రటి గుర్తు ఒకటి, అంతకంటే లోపలి నుంచి వచ్చే ఖాఫ్ అక్షరపు ధ్వనికి ఏటవాలు గుట్ట మరొకటి ఉన్నాయి. కాజీపేటలోని కాజీని ఉర్దూలో రాసేది ఆ ఖాఫ్‌తోనే, మన దక్కనీలో పలికేది మాత్రం ఖకారంతో. కాబట్టి కాజీపేట మిత్రుడెవరైనా ఊరి పేరు రాసిపెట్టమంటే రాత ప్రకారం గుట్ట వేయాలో, పలుకు ప్రకారం గుండ్రం వేయాలో వాళ్లనే అడగడం మేలు. తెలుగు రాతను పట్టుకుంటే మాత్రం గంప సరిపోతుంది.

ఇక అచ్చుల సంగతి చూడాలి. ఇంగ్లీషు అక్షరమాలకూ ఈజిప్టు లిపికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. ఇంగ్లీషులో అచ్చులకు ఐదు అక్షరాలు ఉన్నాయి. ఈజిప్టు లిపి అచ్చులను రాయనే రాయదు. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న పెద్దలు ఇంట్లో ఉంటే వాళ్లకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. పాత ఉర్దూ కాగితాల మీద అచ్చులను చూపే జేర్, జబర్, పేష్ గుర్తులు ఉండవు. హ్రస్వ అచ్చును చదివేవాడే సందర్భాన్ని బట్టి నింపుకుంటాడు. ఈజిప్టు లేఖకులు చేసిందీ అదే, పైగా చాలావరకు రాసింది కూడా ఉర్దూలాగా కుడి నుంచి ఎడమకే. తెలుగులో 'క' అని రాయగానే లోపల అకారం దానంతట అదే ఉంటుంది కాబట్టి హ్రస్వ అకారాన్ని వదిలేయడం మనకు కష్టంగా తోచదు. కమల అంటే గంప, గుడ్లగూబ, సింహం, అంతే. మిగిలిన అచ్చులకు గ్రీకు రాజుల కాలపు లేఖకులు టాలెమీ, క్లియోపాత్రా వంటి పరాయి పేర్ల కోసం పాటించిన పద్ధతిని వాడుకోవచ్చు: దీర్ఘ 'ఆ'కు రాబందు (జి 1), 'ఇ', 'ఎ'లకు ఒక రెల్లాకు (ఎం 17), 'ఈ'కి జంట రెల్లాకులు, 'ఉ'కు కౌజుపిట్ట పిల్ల, 'ఒ'కు తాడు ముడి (వి 4). పట్టికల్లో ఇంగ్లీషు 'ఏ'కు రాబందు వచ్చింది ఈ పేర్లలోంచే. పూర్వపు ఈజిప్టు భాషలో రాబందు అచ్చు కాదు, ఒక హల్లు. ఈ పద్ధతి ప్రకారం గీత అంటే కుదురు, జంట రెల్లాకులు, రొట్టె; జ్యోతి అంటే తాచుపాము, జంట రెల్లాకులు, తాడు ముడి, రొట్టె, రెల్లాకు; ప్రవీణ్ అంటే పీట, నోరు, కౌజుపిట్ట పిల్ల, జంట రెల్లాకులు, నీటి అల.

అచ్చులు లేకపోతే ఒకే హల్లులున్న మాటలను విడదీసి చదవడం ఎలా అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దానికి ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ లేని ఒక ఉపాయాన్ని ఈజిప్టువాళ్లు కనిపెట్టారు. మాట చివర, పలకనవసరం లేని ఒక బొమ్మను పెట్టి ఆ మాట ఏ కోవకు చెందినదో చూపించారు. దీన్ని అర్థసూచిక అందాం. ఇంటి నమూనా బొమ్మ 'ప-ర' అన్న రెండు హల్లులను పలుకుతుంది. కింద చిన్న నిలువు గీత ఉంటే అది ఇల్లు, అదే బొమ్మ పక్కన 'ర' గుర్తయిన నోరూ చివర నడుస్తున్న రెండు కాళ్లూ ఉంటే బయటికి వెళ్లడం. ఇందులో నోరు మరో ధ్వని కాదు. ఇంటి బొమ్మలో ఉన్న 'ర'నే మళ్లీ గుర్తు చేస్తుంది. పిల్లిని వాళ్లు 'మియూ' వంటి మాటతో పిలిచేవారు. పాల కుండతో మొదలుపెట్టి, ధ్వనులు అయ్యాక చివర పిల్లి బొమ్మ గీసేవారు. ఈ ఒక్క మాట నేర్పితే చాలు, పిల్లలు ఆ పూటంతా లిపిని వదలరు. మన పేర్లకు మాత్రం ఆడవాళ్లకు కూర్చున్న స్త్రీ (బి 1), మగవాళ్లకు కూర్చున్న పురుషుడు (ఎ 1) చివర పెడితే సరిపోతుంది. నా మొదటి నలభై అట్టముక్కల్లో ఒక్కదాని మీదా అర్థసూచిక లేదు.

అమరిక మీద శ్రద్ధ పెట్టాలి. ఇంగ్లీషు అక్షరాలు తాడు మీద ఆరేసిన బట్టల్లాగా ఒకే వరుసలో సాగుతాయి. ఈజిప్టు గుర్తులు అలా సాగవు. కంటికి కనిపించని చదరపు గడులలో అవి ఒదిగి కూర్చోవాలి. పొడవైన పక్షి ఒక గడిని తానే ఆక్రమిస్తుంది, నోరు, అల, చెయ్యి లాంటి బల్లపరుపు గుర్తులు ఒకదాని కింద ఒకటి వస్తాయి, రొట్టెలాంటి చిన్నవి ఖాళీ చూసుకుని దూరతాయి. పైది ముందు, కిందిది తర్వాత చదవాలి. అక్షరం కింద ఒత్తు రాసే అలవాటు ఉన్నవాళ్లకు, 'లక్ష్మి'ని మూడు అంతస్తులుగా రాసేవాళ్లకు ఇది పుట్టుకతో వచ్చిన విద్యలా ఉంటుంది. గ్రాఫు కాగితం మీద అంగుళం గడులు గీసుకుని పెన్సిలుతో మొదలుపెట్టాలి, కుదిరాకే సిరా వాడాలి. పక్షులు, మనుషులు, పాములు అన్నీ ఒకే వైపు చూడాలి, అవి చూసే వైపు నుంచే చదవడం మొదలవుతుంది. ముఖాలు ఎడమకు చూస్తే ఎడమ నుంచి, కుడికి చూస్తే కుడి నుంచి. ఈజిప్టు ద్వారబంధాల మీద నడిమి నుంచి రెండు వైపులకూ అద్దంలో చూసినట్టు ఒకే రాతను చెక్కడం మామూలే. మన కీర్తి తోరణానికి రెండు వైపులా ఒకే పనితనం ఉన్నట్టు. కంప్యూటరు మీద చేయదలచిన వారికి జెసెష్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, గార్డినర్ సంఖ్యలు ఇస్తే అదే గడులలో అమరుస్తుంది. చేత్తో గీయడమే మంచిదని నా అభిప్రాయం. గుడ్లగూబ ముఖం మాత్రమే మన వైపు తిరిగి ఉంటుందని, మిగతా పక్షులు పక్కవాటుగా ఉంటాయని గీసేటప్పుడే తెలుస్తుంది.

పేరు చుట్టూ గుడ్డు ఆకారపు చట్రం గీయాలని అందరికీ సరదాగా ఉంటుంది. కానీ ఆ చట్రం రాజులకూ రాణులకూ చెందినది, అందరూ వాడుకునేది కాదు. అందుకని నేను ఇప్పుడు ఒక్క రుద్రమకే చట్రం గీస్తాను. నోరు, కౌజుపిట్ట పిల్ల వేసి, తర్వాతి గడిలో పైన చెయ్యి, కింద నోరు పెట్టాలి. తెలుగులో 'ద' కింద రావత్తు వచ్చినట్టే ఇక్కడా 'ద్ర' రెండంతస్తులుగా నిలుస్తుంది. చివరి గడిలో గుడ్లగూబ. క్లియోపాత్రా పేరు చివర స్త్రీని సూచించడానికి రొట్టె, దాని కింద గుడ్డు పెట్టారు, రుద్రమకూ పెట్టవచ్చు. పెట్టాలా వద్దా అని మాత్రం కాసేపు ఆగాను. ఆమె శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. ఈజిప్టులో క్రీ.పూ. 15వ శతాబ్దంలో ఏలిన హత్‌షెప్‌సుత్ కూడా కృత్రిమమైన గడ్డం కట్టుకుని పురుష రాజుగా శిల్పాలు చెక్కించుకుంది, అయినా ఆమె శాసనాల్లో స్త్రీలింగ ప్రత్యయాలు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. ఆ పూర్వోదాహరణ చూసుకుని రొట్టె, గుడ్డు ఉంచేశాను.

ఇలా రాసినంత మాత్రాన పేరు ఈజిప్టు భాషలోకి మారిపోదని పిల్లలకు చెప్పడం అవసరం. లిపి వేరు, భాష వేరు. రోసెట్టా రాతి మీద లిపులు మూడు అయినా భాషలు రెండే, ఈజిప్టు భాష, గ్రీకు. కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గర బొమ్మలమ్మగుట్ట మీద 10వ శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలు ఉన్నాయి. తెలుగు కందపద్యాలు ఉన్నందువల్ల దాని పేరు మన దగ్గర చాలామందికి తెలుసు కాబట్టి, ఆ ఉదాహరణతో చెబితే వెంటనే అర్థమవుతుంది.

ఇంగ్లీషు అక్షరాలను ఇంతసేపూ పక్కన పెట్టమన్నాను గానీ వాటికీ ఈజిప్టు బొమ్మలకూ చుట్టరికం లేదని కాదు. పట్టికలు చూపించే చుట్టరికమే తప్పుది. సినాయ్ ఎడారిలో సెరాబిత్ అల్ ఖాదిమ్ అనే చోట నీలాకుపచ్చ ఫిరోజా రాళ్ల గనులు ఉండేవి. అక్కడ దొరికిన గీతల రాతలను 1905లో పెట్రీ అనే ఆంగ్ల పురావస్తు పరిశోధకుడు వెలికితీశాడు, 1916లో గార్డినర్ వాటిలో ఒక దేవత పేరును చదివాడు. క్రీస్తుకు పూర్వం రెండో సహస్రాబ్దిలో అక్కడి సెమిటిక్ భాషల (అరబ్బీ, హీబ్రూ కోవకు చెందిన భాషల) జనం ఈజిప్టు బొమ్మల రూపాలను తీసుకున్నారు, ధ్వనులను తీసుకోలేదు. బొమ్మకు తమ భాషలో ఏ పేరుందో ఆ పేరులోని మొదటి ధ్వనినే దానికి ఇచ్చారు. ఎద్దు తలను వాళ్లు 'అల్ప్' అన్నారు, అదే ఫినీషియా, గ్రీసు, రోము దాటి తలకిందులై నేటి ఏ అయింది. కొమ్ములు ఇప్పుడు కింది కాళ్లుగా మిగిలాయి. ఇల్లు 'బేత్', దాని నుంచి బి. కన్ను 'అయిన్', దాని నుంచి ఓ. నీటిని వాళ్లు 'మేమ్' వంటి మాటతో పిలిచారు కాబట్టి నీటి అల 'మ' అయింది, ఆ అలే నేటి ఎం. అంటే ఈజిప్టులో 'న' పలికిన అల ఇంగ్లీషులో ఎం అయి కూర్చుంది. పట్టికలో మాత్రం ఎం పక్కన గుడ్లగూబ ఉంటుంది.

ఆ గనుల దగ్గర తెలుగువాళ్లు ఉండి ఉంటే నీరు 'న'గానే మిగిలేది. ఈ ఊహతోనే పిల్లల చేత ఒక పని చేయించవచ్చు, పేర్లు రాయించడం కంటే ఇందులోనే వాళ్లకు ఎక్కువ విషయం బోధపడుతుందని నా అనుభవం. ఎద్దు, ఇల్లు, నీరు, కన్ను, తల, చేయి బొమ్మలు ఇచ్చి, ఒక్కోదాని తెలుగు పేరులోని మొదటి ధ్వనిని దానికి ఇమ్మనాలి. ఎద్దు 'ఎ', ఇల్లు 'ఇ', కన్ను 'క', తల 'త', చేయి 'చ' అవుతాయి. తర్వాత ఆ బొమ్మలతోనే ఒకరికొకరు చీటీలు రాసుకోమనాలి. రెండో రోజుకే ఎద్దు కళ్లూ చెవులూ పోయి మూడు గీతలుగా మిగులుతుంది, తొందరలో రాసేవాడి చేతిలో ఏ లిపికైనా జరిగేది అదే.

మిగిలింది మన ఊరి పేరు. వరంగల్ అని ఇంగ్లీషు పలకను చూసి రాయకుండా ఓరుగల్లు అని రాద్దాం. తాడు ముడి, నోరు, కౌజుపిట్ట పిల్ల, కుదురు, సింహం, మళ్లీ కౌజుపిట్ట పిల్ల. రెండు లకారాలకు ఒక సింహం చాలు. చివర ఊరికి ఏ అర్థసూచిక అన్నది తేలాలి. ఈజిప్టులోని ఊళ్లకు నాలుగు దారులు కలిసిన గుండ్రటి గుర్తు (ఓ 49), పరాయి దేశాలకు మూడు గుట్టల గుర్తు (ఎన్ 25) వాడేవారు కాబట్టి మనది పరాయి ఊరే, గుట్టలే పెట్టాలి. అయితే ఓరుగల్లు అంటే ఒకే రాయి, ఏకశిల. రాతికి వాళ్ల దగ్గర రాతిపలక అర్థసూచిక (ఓ 39) ఒకటి ఉంది. ఒకే మాటకు రెండు అర్థసూచికలు పెట్టడం వాళ్లకు కొత్తేమీ కాదు. నేను ముందు రాతిపలకను, దాని వెనుక మూడు గుట్టలను గీసి, పక్షులన్నీ కుడి వైపు చూసేటట్టు తిప్పాను.